లాంతరు బేరం

విజయనగరం గంటస్తంభం దగ్గర బజారులో మాది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. నేను మాటలు నేర్చుకున్నది ఆ కొట్లోనే కాబట్టి, నా నోట మొదట పలికిన మాట "అమ్మ" కాదు, "ఆఖరుకెంత" అని మా అక్క ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అబద్ధమే, కానీ సగానికి తగ్గించుకుని నమ్మొచ్చు. చిన్నప్పుడు అమ్మ ఇంకో రెండు ముద్దలు తినమంటే ఒక ముద్దకి ఒప్పుకుని, పైన అప్పడం కొసరు అడిగేవాణ్ణి. తరవాత డిగ్రీ చదివాను. డిగ్రీ వల్ల నా బేరానికి ఏ నష్టమూ రాలేదు.

మా నాన్నకి వ్యాపారం గురించి ఒకటే సిద్ధాంతం. ధర చెప్పడం ఎవడికైనా వచ్చు, తగ్గించడం అంతకంటే సులువు, పనితనమంతా పిలుపులో ఉంది. కొనడానికి వచ్చినవాడు "అయితే వద్దులెండి" అని లేచి మెట్లు దిగుతాడు. వాణ్ణి వెనక్కి పిలవాలి. మెట్ల మీద ఉండగానే పిలిస్తే మనం లోకువైపోతాం. పక్కనున్న చెప్పుల కొట్టు దాటనిస్తే ఎదర స్టీలు కొట్లో తేలతాడు. ఆ రెండింటి మధ్యా ఒక్క క్షణం ఉంటుంది, అది మనిషిని బట్టి మారుతుంది. మెట్టు దిగి చెప్పు పట్టీ సర్దుకోవడానికి వంగిన ఆడమనిషి పిలవమని అడుగుతున్నట్టే లెక్క. గొడుగు విప్పినవాడు నిజంగానే వెళ్ళిపోతున్నాడు, వాణ్ణి బేగి పిలవాలి. ఫోను తీసి చెవికి పెట్టుకున్నవాణ్ణి మాత్రం పిలవక్కర్లేదు. ఆ ఫోన్లో అవతల ఎవరూ ఉండరు. వాడే వస్తాడు.

ఈ సిద్ధాంతాన్ని మా నాన్న ఒకసారి కంప్యూటర్లో ఉన్న కొట్టువాడి మీద ప్రయోగించి గెలిచాడు. మా ఇంటి చరిత్రలో అంతకంటే పెద్ద విజయం లేదు.

నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో కొట్టు లెక్కలకని ఒక కంప్యూటర్ కొన్నాం. అమ్మినవాడితో బేరం ఒక పూట పట్టింది. ధర తెగాక మా నాన్న మామూలుగా "కొసరేటి?" అన్నాడు. అతను దుమ్ము పడకుండా కప్పుకునే గుడ్డ ఇచ్చాడు. మా నాన్న చెయ్యి చాపినట్టే ఉంచాడు. అతను సొరుగు వెతికి ఒక సీడీ తీసి ఆ చేతిలో పెట్టి, "ఇంక నా దగ్గరేం లేదండి బాబూ" అన్నాడు. అలా వచ్చింది మా ఇంటికి ఆ ఆట.

కాల్చడాలూ పేల్చడాలూ ఉండే ఆట కాదది. ఒక కుర్రవాడు ఓడ తప్పిపోయి తెలియని రేవులో దిగుతాడు. కనిపించిన వాళ్ళతో మాట్లాడాలి, దొరికిన వస్తువు జేబులో వేసుకోవాలి, ఏది ఎక్కడ పనికొస్తుందో ఆలోచించి ముందుకు వెళ్ళాలి. చీకట్లో పడవ నడపాలంటే లాంతరు కావాలి. లాంతరు రేవు వీధిలో గడ్డం ఉన్న ఒకడి కొట్లో ఉంది. వాడు చెప్పే ధరకి మన సంచిలో నాణేలు చాలవు. నేను ఆ కొట్లోకి వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. వారం గడిచినా లాంతరు వాడి దగ్గరే ఉంది.

ఒకరోజు మా నాన్న ఇత్తడి బిందె తూస్తూ తల తిప్పి అడిగాడు.

"ఏటి సేస్తన్నావ్ రా?"

"లాంతరు కొనాలి నాన్నా. డబ్బులు చాలవు."

"తగ్గించమన్నావేటి?"

"తగ్గించనన్నాడు."

"అయితే బయటికెల్లి నిలబడు."

"ఇది ఆట నాన్నా."

"కొట్టేనా, కాదా?"

"కొట్టే."

"అయితే ఎల్లి నిలబడు. ఏటీ ముట్టుకోకు."

కుర్రవాణ్ణి బయటికి తెచ్చి వీధిలో దీపస్తంభం కింద నిలబెట్టి, మౌసు వదిలేశాను. మా నాన్న బిందె తూచి, కట్టించి, ఆ కొన్నావిడతో వాళ్ళమ్మాయి పెళ్ళి కబుర్లు మొదలుపెట్టాడు. అప్పుడు తెర మీద తలుపు తెరుచుకుంది. గడ్డంవాడు గుమ్మంలోకి వచ్చి, "ఏయ్ కుర్రాడా, ఆగు. ఉన్నదిచ్చి పట్టుకుపో" అని ఇంగ్లీషులో అన్నాడు. మా నాన్నకి తెలుగులో చెప్పాను. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "వత్తి కొసరడక్కపోయావా" అన్నాడంతే.

ఆయన ఆశ్చర్యమంతా తరవాతి ఇరవై ఏళ్ళూ ఊళ్ళోవాళ్ళకి పంచాడు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, సాలూరు నుంచి సరుకు తెచ్చిన లారీ డ్రైవరు కాఫీ తాగే లోపల, ఈ కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గడ్డంవాడు కొట్లోంచి ఇంకాస్త దూరం నడిచి వచ్చేవాడు. మొదట గుమ్మం దాకా వచ్చినవాడు, తరవాత వీధిలోకి దిగాడు, చివరికి మా నాన్న చెయ్యి పట్టుకుని "మీలాటోడిని నాను సూడనేదు" అనేదాకా వచ్చాడు. ఆటలో మా నాన్న లేడని గుర్తుచేయడం కొడుకుగా నా పని కాదు.

జీఎస్టీ వచ్చిన ఏడు కొట్లో బిల్లు మిషను పెట్టాల్సి వచ్చింది. దాని వెనకే మా బావ వచ్చాడు. బావ అంటే మా అక్క భర్త. శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్ళే దారిలో ఆయనకి సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. అద్దాల తలుపు, ఏసీ, లోపలికి వెళితే ఆస్పత్రిలా నిశ్శబ్దం. గోడ మీద "ఒకటే ధర" అని బోర్డు. అక్కడ నేను ఒకసారి ఛార్జరు కొనబోయి, అలవాటుగా "ఆఖరుకెంత" అంటే, కౌంటర్లో అమ్మాయి బోర్డు చూపించింది. ఓనరుగారి బావమరిదినని చెప్పుకున్నాను. ఆ అమ్మాయి మళ్ళీ బోర్డే చూపించింది.

బావకి మా కొట్టుని బాగుచేయాలని కోరిక. ఎంత కోరికంటే, మమ్మల్ని అడక్కుండానే బోర్డు రాయించి ఆటోలో పంపించాడు. ఎర్ర అక్షరాలు, పసుపు అంచు: "ఒకటే ధర. బేరములు లేవు." మా నాన్న దాన్ని గోడకి మొహం తిప్పి, ప్రెషర్ కుక్కర్ల పక్కన నిలబెట్టాడు, బళ్ళో తప్పుచేసిన పిల్లాణ్ణి నిలబెట్టినట్టు.

తరవాతి ఆదివారం బావా అక్కా వచ్చారు.

"మావయ్యా, ఇప్పుడొస్తన్న జనానికి బేరవంటే సిగ్గు," అన్నాడు బావ. "ఫోన్లో ధర సూసుకుని వత్తన్నారు. నువ్వో రేటు సెప్పి, ఆలొక రేటు సెప్పి, దిగి, ఎక్కి... అంత ఓపిక ఎవులికున్నాది?"

"ధర సూడ్డానికి ఫోనున్నాది. మరి కొట్టుకెందుకొస్తన్నారు?" అన్నాడు మా నాన్న. "మాటాడ్డానికే కదా."

"అదంతా పాత కాలం."

"పాత కాలవా? కంప్యూటర్లో కొట్టోడే నా పిలుపు నేర్సుకున్నాడు. అడుగు నీ బావమరిదిని." అని లాంతరు కథ మొదలుపెట్టాడు.

బావ ఆ కథ అప్పటికి చాలాసార్లు విన్నాడు. ఎప్పుడూ నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజు మాత్రం ఊరుకోలేదు. తనూ కాలేజీ రోజుల్లో ఆ ఆటే ఆడాడట. ఆటల పత్రికలో దారి చూసుకుని, రేవులో చేపల బుట్టలు ఒక్కొక్కటీ మోసి, కూలి నాణేలు కూడబెట్టి, చెప్పిన ధరకి లాంతరు కొన్నాడట.

"ఆడు పిలవడం ఏటి మావయ్యా! నాను బుట్టలు మోసి సచ్చాను. పిలిసేటోడైతే నన్నెందుకు పిలవనేదు?"

"నువ్వు ఆగుంటే కదా! అడిగిన ధరిచ్చీసేటోణ్ణి ఎవులు పిలుస్తారు?"

మా అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ ముఖం ఎర్రబడింది. అప్పుడే పడింది పందెం. ఆటలో కొట్టువాడు పిలిస్తే, బావ ఆ బోర్డు పట్టుకుని శ్రీకాకుళం వెళ్ళిపోవాలి. పిలవకపోతే, మా నాన్న దాన్ని తన చేత్తో గోడకి కట్టి, ఆ రోజు నుంచి బేరమన్నది మానాలి.

మా నాన్నకి పరువు సంగతి. నా సంగతి అంతకంటే పెద్దది. బేరం తీసేస్తే నాలో మిగిలేది డిగ్రీ ఒక్కటే.

బావ అక్కడికక్కడే ల్యాప్‌టాప్ తీశాడు. ఆ ఆటని కొత్తగా బొమ్మలు వేసి, మాటలు పలికించి మళ్ళీ అమ్ముతున్నారని, విడుదలైన రోజే, చెప్పిన ధరకే కొన్నానని గర్వంగా చెప్పాడు. మా నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

బొమ్మలు చాలా బాగున్నాయి. మా రోజుల్లో గడ్డంవాడి గడ్డం పెసరగింజలు అతికించినట్టుండేది, ఇప్పుడు ఒక్కో వెంట్రుకా కదులుతోంది. సముద్రం మీద ఎండ మెరుస్తోంది. బావ కుర్రవాణ్ణి బయటికి తెచ్చి దీపస్తంభం కింద నిలబెట్టాడు. కాఫీలు తాగాం. అమ్మ జంతికలు తెచ్చింది, అవీ అయిపోయాయి. తలుపు తెరుచుకోలేదు. కాసేపటికి తెర మూలన ఒక గుర్తు మెరిసి, "రేవులో పని దొరుకుతుందేమో" అని కుర్రవాడే తనలో తను అనుకున్నాడు.

"సూసేవా మావయ్యా. ఆడు బుట్టలు మొయ్యమంతన్నాడు," అన్నాడు బావ.

మా నాన్న కళ్ళజోడు సర్దుకుని, తెర మీదకి వంగి ఆ తలుపుని పరీక్షగా చూశాడు. "ఇది కొత్త కొట్టు," అన్నాడు చివరికి. "సున్నాలేసీ రంగులేసీ సేతులు మార్సీసినారు. ఈ కొత్తోడికి పిలుపు తెలీదు. పాత కొట్టు సూడాల."

బావ పెద్దమనిషి తరహాలో వారం గడువు ఇచ్చాడు. మంగళవారం మా కొట్టుకి సెలవు. ఎల్లుండిది వదిలేసి, ఆ పై మంగళవారం మధ్యాహ్నం తేల్చుకోవాలి.

ఆ సాయంత్రం ఒకావిడ కాఫీ ఫిల్టరు చూసి, ధర నచ్చక, మెట్టు దిగి చెప్పు పట్టీ సర్దుకుంది. సర్దుకుంటూనే ఉంది. మా నాన్న పిలవలేదు. ఆవిడ లేచి ఒకసారి వెనక్కి చూసి, చెప్పుల కొట్టు దాటి వెళ్ళిపోయింది. నేను పుట్టాక అలా జరగడం అదే మొదలు.

ఇక రంగంలోకి నేనే దిగాలనుకున్నాను. మొదట పాత సీడీ కోసం ఇల్లంతా వెతికాను. అమ్మ పెరట్లోకి తీసుకెళ్ళి చూపించింది. వడియాలు ఎండబెట్టే చోట దారానికి వేలాడుతూ, గాలికి తళుక్కున తిరుగుతూ కాకుల్ని తోలుతోంది. "మంచి సీడీయే, ఒక్క కాకీ రాదు," అంది అమ్మ. తుడిచి చూస్తే గీతలు తప్ప ఏమీ లేవు. ఉన్నా లాభం లేదు, నా కొత్త ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే నోరే లేదు. సీడీని మళ్ళీ ఉద్యోగంలో పెట్టేశాను.

తరవాత బావ కొన్న కొత్త ముద్రణనే అరువు తెచ్చుకుని, బట్టల కొట్లో చీర తిరగేసినట్టు తిరగేశాను. అందులో ఒక మీట నొక్కితే కొత్త బొమ్మలు పోయి పాత బొమ్మలు వస్తాయి. ఆశగా నొక్కాను. పెసరగింజల గడ్డం వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. బయటికెళ్ళి నిలబడ్డాను. పిలవలేదు. మళ్ళీ అదే గుర్తు మెరిసింది, బుట్టలు మొయ్యమని. పైన పాత బోర్డు, లోపల కొత్త యజమాని. మన బజారులో అలాంటివి బోలెడు.

ఫోనుకి వచ్చిన ముద్రణ ఇంకో రకం. అది ఉచితం. ఉచితమనగానే మా వంశంలో ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. కొట్లోకి వెళ్ళి లాంతరు అడిగాను. నాణేలు చాలవన్నాడు. బయటికి పోదామంటే, గడ్డంవాడి పక్కన ఒక సంచి బొమ్మ వెలిగింది: "నాణేలు చాలలేదా? కొనుక్కోండి." నిజం డబ్బులిచ్చి వాడి దగ్గరే నాణేలు కొని, ఆ నాణేలతో వాడి లాంతరే కొనాలి. మా నాన్నకి చూపించాను.

"అంటే నాను గిన్నె అమ్మాలంటే, ముందు నా కొట్లో సెల్లే రూపాయి నానే అచ్చేసుకుని అమ్మొచ్చా?"

"అవును నాన్నా."

"దొంగెదవ," అన్నాడు. కాసేపాగి, "ఈడికి ఎన్ని కొట్లున్నాయిట?" అని అడిగాడు.

ఇంటర్నెట్లో ఆటలమ్మే కొట్టొకటి, పాత ఆటని పాతగానే, బొమ్మలు ముట్టుకోకుండా అమ్ముతోందని తెలిసింది. ఇవాళ్టి కంప్యూటర్లకి పాత ఆట అర్థం కాదు కనక, పాత కంప్యూటర్‌లా నటించే ఒక ప్రోగ్రాంలో దాన్ని చుట్టి ఇస్తారు. ధర చూశాను. ఎక్కువేమీ కాదు. కానీ చెప్పిన ధరకి కొనడానికి నా వేలు ఒప్పుకోలేదు. అవతల మనిషి లేడు. ఎవడితో బేరమాడను? ఆటని వాళ్ళ బుట్టలో వేసి, డబ్బు కట్టే చోటు దాకా వెళ్ళి, అలవాటు చొప్పున లేచి వచ్చేశాను.

మర్నాడు మెయిలొచ్చింది. "మీ బుట్టలో ఒక ఆట మిమ్మల్ని తలుచుకుంటోంది. మీకోసం ధర తగ్గించాం."

గల్లాపెట్టె దగ్గరికి పరిగెత్తి మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పిలిసాడా?"

"పిలిచాడు నాన్నా."

"ఎంతసేపటికి?"

"ఒక రోజుకి."

"ఆలస్యం సేసాడు," అన్నాడు తీర్పిస్తున్నట్టు. కానీ ఆ పూట పచ్చడి జాడీ వద్దనుకుని మెట్లు దిగిన ఒకాయన్ని చెప్పుల కొట్టుకి రెండడుగుల ముందు పిలిచాడు. బావకి ఫోన్ చేసి మెయిలు సంగతి చెబితే, "అది కొట్టు పిలిసింది గానీ ఆటలో కొట్టోడు పిలవనేదు కదరా బావా. సెల్లదు," అన్నాడు. న్యాయమే.

తగ్గించిన ధరకి కొనబోతే, దాని పక్కనే పది ఆటల మూట కనిపించింది, ఒక్కదాని ధరకి కాస్త ఎక్కువ. మూటే కొన్నాను. మిగతా తొమ్మిదీ ఇప్పటికీ తెరవలేదు. అమ్ముడుపోని మూతల్ని కుక్కర్లకి జతకట్టి "సెట్టు" అని నేను అమ్మేది ఇలాగే. నా వల నేనే మెడకి చుట్టుకోవడంలో ఒక తృప్తి ఉంది, వల గట్టిదని తెలుస్తుంది.

కొని తెరిస్తే, కుర్రవాడు నడవడం లేదు, ఎగురుతున్నాడు. మౌసు ముట్టుకుంటే చాలు, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పోయాడు. సముద్రంలో అలలు ఎసట్లో నీళ్ళలా కుతకుతలాడుతున్నాయి. లాంతరు అడిగాను, లేదనిపించుకున్నాను, బయట నిలబడ్డాను. ఏమీ జరగలేదు. సోమవారం సాయంత్రానికి ఆశ వదిలేసి, కొట్టు కట్టేముందు ఆఖరుసారి చూద్దామని కూర్చున్నాను. అమ్మ వెనక నుంచి చూస్తోంది.

"ఆ తలుపు అలా కొట్టుకుంటందేటి?" అంది.

"ఏ తలుపు?"

"ఆ కొట్టు తలుపు. రెప్పేసినట్టు."

కళ్ళు పెద్దవి చేసి చూశాను. నిజమే. నేను బయటికొచ్చిన కాసేపటికి తలుపు ఒక్క రెప్పపాటు తెరుచుకుని మూసుకుంటోంది. గుమ్మం మీద ఏవో అక్షరాలు మెరిసి పోతున్నాయి. అప్పుడర్థమైంది. ఈ పాత ఆటలకి సొంత గడియారం లేదు. కంప్యూటర్ ఎంత వేగంగా పరిగెడితే వాటి కాలం అంత వేగంగా గడుస్తుంది. గడ్డంవాడు పిలుస్తున్నాడు, పాపం, పిలుస్తూనే ఉన్నాడు. వాడి ఓపికంతా ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లో కన్ను ఆర్పేలోగా అయిపోతోంది.

వేగం తగ్గించే మీటలున్నాయని చదివి తెలుసుకున్నాను. అయితే తగ్గించి చూడలేదు. బోణీ బావ ఎదుటే అవ్వాలనిపించింది.

మంగళవారం మధ్యాహ్నం షట్టరు సగం దించి అందరం కొట్లో కూర్చున్నాం. బావ బోర్డు పక్కన కుర్చీ వేసుకున్నాడు, మేకులూ సుత్తీ కూడా తెచ్చుకున్నాడు. నేను వేగం తగ్గించాను. తగ్గించడంలో కంగారు పడి మరీ తగ్గించేశానేమో, కుర్రవాడు పైడితల్లి జాతరలో జనం మధ్య సిరిమాను కదిలినట్టు కదిలాడు. ఒక అడుగు. ఆగాడు. ఇంకో అడుగు.

"ఆడికి మోకాల్నొప్పులేటి?" అంది అమ్మ.

"రేవు దాటీసరికి నా బస్సెల్లిపోతాది," అన్నాడు బావ.

లాంతరు అడిగాం. గడ్డంవాడు తల అడ్డంగా ఊపడానికే చాలాసేపు పట్టింది. బయటికొచ్చి దీపస్తంభం కింద నిలబెట్టి మౌసుని బల్ల చివరికి తోసేశాను. దాని మీద మా నాన్న అరచెయ్యి పెట్టి కప్పాడు, ఎవరూ ముట్టుకోకుండా.

అల లేచింది. పడలేదు. అక్క గోళ్ళు చూసుకుంది. బావ మేకుల పొట్లం విప్పాడు, మళ్ళీ కట్టాడు. పడబోతున్న ఆ అల పడింది. మా నాన్న ఊపిరి నాకు వినబడుతోంది. ఆయన తెరని చూస్తున్నాడు కానీ, చూసేది మెట్లు దిగిన మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. పెదాలు కదిలాయి. "ఇంక పిలవాల," అన్నాడు తనలో తను. "ఇంక... ఇంక... ఇప్పుడు."

తలుపు తెరుచుకుంది.

గడ్డంవాడు గుమ్మంలోకి వచ్చాడు. అక్షరాలు పడ్డాయి. చదవమని బావకే చెప్పాను, నా మీద అనుమానం లేకుండా. బావ వంగి చదివాడు. గొంతు సవరించుకుని, "ఆగమంతన్నాడు," అన్నాడు. "ఉన్నదిచ్చి పట్టుకెల్లమంతన్నాడు."

అక్క చప్పట్లు కొట్టింది. అమ్మ ఏదో దేవుడికి దణ్ణం పెట్టింది. నేను మౌసు కోసం చెయ్యి చాపాను. మా నాన్న చెయ్యి తియ్యలేదు.

"ఎల్లకు."

"నాన్నా, పందెం అయిపోయింది."

"పందెం అయ్యింది. బేరం అవ్వనేదు. ఇది మొదటి పిలుపు. ఇరవయ్యేళ్ళకితం తొందరపడి వత్తి కొసరు ఒదిలీసినాం. నిలబడు. ఇంకోపాలి పిలుస్తాడు."

నిలబడ్డాం. గడ్డంవాడు ఎడంపక్కకి చూశాడు. కుడిపక్కకి చూశాడు. ఆ నిదానంలో వాడి మొహం చూస్తే నాకే జాలేసింది. తరవాత నెమ్మదిగా లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. కిటికీలో దీపం ఆరింది. మా నాన్న ఇంకా నిలబడమన్నాడు. నిలబడ్డాం. మళ్ళీ తలుపు తియ్యలేదు. చివరికి నేను వెళ్ళి తలుపు మీద నొక్కితే "కొట్టు కట్టేశారు" అని వచ్చింది. ఆ కాలపు ఆటలు అంతే, ఒక్కో చోట తప్పు చేస్తే దారి మూసుకుపోతుంది, మొదట్నుంచీ మొదలుపెట్టాల్సిందే. కంగారులో నేను మధ్యలో ఎక్కడా ఆటని సేవ్ చేసి పెట్టుకోలేదు కూడా.

"బాగున్నాది," అంది అమ్మ. "లాంతరూ నేదు, పడవా నేదు."

బావ లేచాడు. ఓడిపోయినా మాట మీద నిలబడే మనిషి. "పందెం నీదే మావయ్యా," అని బోర్డు ఎత్తబోయాడు.

మా నాన్న చీకటి కిటికీ వైపే చూస్తున్నాడు. "ఆడికీ లాంతరు మిగిలిపోయింది కదరా," అన్నాడు నాతో. ఆ మాటలో గెలిచినవాడి గొంతు లేదు. తరవాత బావతో, "ఉండనీ బాబూ. అక్కడే ఉండనీ. రంగులు బాగున్నాయి," అన్నాడు.

మర్నాడు పొద్దున్న నేను షట్టరెత్తేసరికి బోర్డు గోడ మీద ఉంది. బావ మర్చిపోయిన మేకులతోనే, మా నాన్నే కొట్టాడు.

"గెలిసి కూడా కట్టీసినావేటి నాన్నా!"

"ఇన్నాళ్ళూ ధర నా నోట్లో ఉండేది. నోట్లోంచి దిగితే ఎవులికి కనబడతాది? ఇప్పుడు గోడ మీదున్నాది. అక్కడ్నుంచి దిగితే ఊరంతా సూస్తాది. దిగడానికి మెట్టుండాల కదరా."

నిజంగానే, బోర్డు కింద బేరం చేయించుకున్నవాళ్ళు అంతకుముందెన్నడూ లేనంత పొంగిపోయేవాళ్ళు. "మీకు కాబట్టి," అనేవాడు మా నాన్న బోర్డు వైపు భయంగా ఒకసారి చూసి, అదేదో పోలీసైనట్టు. మొదటి పిలుపుకి వెనక్కి తిరగని వాళ్ళని మాత్రం అప్పట్నుంచీ రెండోసారి కూడా పిలిచేవాడు. లాంతరు నేర్పిన పాఠం అదొక్కటే అని నా అనుమానం. ఆయన ఒప్పుకోడు.

కొన్నాళ్ళకి బావా అక్కా శ్రీకాకుళంలో కొత్త ఇంట్లో చేరబోతూ, సామాన్లకి మా కొట్టుకే వచ్చారు. బావ పెద్ద ఇత్తడి గంగాళం ఒకటి ఎంచాడు.

"ఎంత మావయ్యా?"

మా నాన్న గోడ వైపు చూపించాడు.

"అల్లుడిక్కూడానా?"

"నువ్వు రాయించిందే కదా బాబూ."

బావ బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అయితే వద్దులే," అని మెట్లు దిగాడు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. ఏసీ కొట్టు మనిషి, చెప్పిన ధరకి చేపల బుట్టలు మోసిన మనిషి, మా మెట్లు దిగుతున్నాడు. చెప్పుల కొట్టుకి ముందు ఆగాడు. జేబులోంచి ఫోను తీసి చెవికి పెట్టుకుని, గట్టిగా ఎవరితోనో "ఆఁ, సెప్పండి, సెప్పండి," అంటున్నాడు.

మా నాన్న ఫోను చూశాడు. చూసి తీరిగ్గా అగరొత్తి వెలిగించుకున్నాడు.

ఇంతలో బావ చెవి దగ్గరే ఆ ఫోను పెద్దగా మోగింది. బావ ఎగిరిపడ్డాడు. కొట్లో బిందెల మధ్య నిలబడి ఫోను చేస్తున్నది మా అక్క.

"ఎవులితోటండీ మాటలు?" అంది ఫోన్లోనూ, గుమ్మంలోంచీ ఒకేసారి. "రండి, రండి. మా నాన్న పిలవడు."

చెప్పుల కొట్టు ఆయన పగలబడి నవ్వాడు. బావ తల గోక్కుంటూ మెట్లెక్కాడు. ఎక్కుతూనే, "పిలుపు కొట్లోంచే వచ్చింది. తగ్గించాల్సిందే," అన్నాడు.

"పిలిసింది నీ పెల్లాం. తగ్గింపేదో దాన్నే అడుగు."

"సరే. ధర గోడ మీదే ఉండనీ." బావ గంగాళం ఎత్తి, వేలితో మీటి, చప్పుడు విని, కింద పెట్టాడు. "కొసరేటి?"

మా నాన్న అగరొత్తి గుచ్చడం ఆపేశాడు. గల్లాపెట్టె ముందు నుంచి లేచి, బావకి ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"కూసో బాబూ," అన్నాడు. "ఒసే, అల్లుడికి కాఫీ ఎట్టు. ఆలస్యమవుతాది."